మంచు కుక్కకి మా దొడ్లో చోటు

"అమ్మమ్మా, కొత్తింటి వెనకాల ఇంత దొడ్డుంది. మొక్కలు వేద్దామనుకుంటున్నాం. ఓ కుక్కని కూడా తెచ్చుకుందామని. అది మొక్కల్ని తవ్వెయ్యకుండా ఎట్లా ట్రైనింగ్ ఇవ్వాలో చెప్పవా? ఫోన్లో రికార్డ్ చేసుకుంటా."

చెప్తా చెప్తా. ముందా ఫోను నా మొహం మీద పెట్టమాక, నాకు మాట రాదు. ఆఁ, ఆ పప్పు డబ్బాకి ఆనించు. నువ్వు ఆ చిక్కుళ్ళు ఇటివ్వు, ఈనెలు తీస్తా చెప్తా. చేతులు ఊరికే ఉంటే నాకేం గుర్తురాదు.

ఇంతకీ ఏం కుక్క? ఏంటీ? హస్కీయా? నీలం కళ్ళది, ఒళ్ళంతా బొచ్చుది, అదేనా? మీ ఆయనకి అదంటే ఇష్టమా! ఓసి నా తల్లీ, మీ ఆయన్ని ఒకసారి నా దగ్గరికి పంపించు. కుక్కకి తర్వాత, ముందు ఆయనకిస్తా ట్రైనింగ్. మీ కొత్తిల్లున్న పెనమలూరులో ఎండెంతుంటదో తెలుసా నీకు? బెజవాడ ఎండకి ఏం తక్కువ కాదు. మేలో నువ్వు గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడు, అప్పుడు మాట్లాడదాం హస్కీ గురించి.

కాదు, నాకు కోపం నీ మీద కాదే. నీకు తెలీదు కాబట్టి అడిగావు. తెలిసి చేసినవాళ్ళున్నారు చూడు, వాళ్ళ మీద. ఇదిగో, మా పైన, మొదటి అంతస్తులో, సరిగ్గా ఈ దొడ్డి మీదకే వాళ్ళ బాల్కనీ. ప్రవీణ్ అని, రియలెస్టేట్ ఆఫీసు పెట్టుకున్నాడు. భార్య స్వాతి. ఆ అమ్మాయి బంగారం, ఆమాట ముందే చెప్పాలి.

ఆగు, దొడ్డి సంగతి చెప్పకుండా కుక్క సంగతి చెప్తే నీకర్థం కాదు. ఇక్కడ మన పెంకుటిల్లు ఉండేది, నీకు తెలీదు, మీ అమ్మకి తెలుసు. అందులోనే నేను మెస్సు నడిపా, ఏళ్ళ తరబడి. ఈ పటమటలో లారీ మెకానిక్కులు, కాలేజీ పిల్లలు, అందరూ నా దగ్గరే తిన్నారు. ఆ కూరల తొక్కలన్నీ ఎక్కడికి పొయ్యేవనుకున్నావు? ఈ దొడ్లోకే. నేలలో చిన్న గొయ్యి, తొక్కలు వెయ్యడం, పైన ఇంత మట్టి కప్పడం. వాసన రాదు, ఈగలు రావు. అట్లా అట్లా ఈ మట్టి నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగిపోయేట్టు తయారయింది. అపార్టుమెంటు కట్టేటప్పుడు ఆ బిల్డరు ఏమన్నాడో తెలుసా? "అమ్మగారూ, వెనకాల మొత్తం టైల్సు వేయించేద్దాం, నీట్‌గా ఉంటది" అన్నాడు. నీట్ అంట! మట్టుంటే నీటు కాదంట! కింద ఫ్లాటూ, వెనకాల ఈ మట్టీ నాకిస్తేనే సంతకం అన్నా. మీ తాతయ్య "పోనీలే రాజ్యం, ఎందుకు గొడవ" అంటాడు, ఆయన దేనికైనా అదే అంటాడు. నేనొప్పుకోలా.

అందుకే చూడు, ఇంత చోట్లో ఏమేం ఉన్నయ్యో. సొరపాదు, బీరపాదు, ఆ మూల కరివేపాకు, గోడ పక్కన అరటి. రాసుకో, అదే, రికార్డు చేసుకో. కరివేపాకుకి పుల్లమజ్జిగ నీళ్ళల్లో కలిపి పొయ్యి, మాటిమాటికీ కాదు, ఎప్పుడన్నా ఒకసారి. చిగుళ్ళు తుంచుతూ ఉండు, అప్పుడే గుబురుగా వస్తది. చిక్కుడుకి పేనుబంక పడితే బూడిద చల్లు. పొద్దున్నే, ఆకుల మీద ఇంకా తడి ఉన్నప్పుడు చల్లితే అంటుకుంటది. సొరకాయ పిందెలు రాలిపోతున్నయ్యి అని ఏడుస్తారందరూ. ఎందుకు రాలవు? తేనెటీగలెక్కడున్నయ్యి ఈ ఊళ్ళో? సాయంత్రం పువ్వు విచ్చుకోగానే మగపువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి అద్దాలి. నేను అద్దుతుంటే మూడో అంతస్తావిడ నవ్వింది, "ఏంటి పిన్నిగారూ, పువ్వులకి పెళ్ళి చేస్తున్నారా" అని. నవ్వి, పోతా పోతా కాయ పట్టుకుపోయింది.

ఎక్కడున్నా? ఆఁ, కుక్క. ప్రవీణ్ ఓ చలికాలంలో తెచ్చాడు దాన్ని. ఏ ఊరి నుంచి తెచ్చాడో, ఎంత పోసి కొన్నాడో లిఫ్టులో కనపడ్డవాడికల్లా చెప్పాడు. బ్రూనో అంట పేరు. నా నోటికి తిరక్క నేను బూరీ అన్నా. తెల్లగా, గుండ్రంగా, పిల్లప్పుడు నిజంగా బూరెలాగే ఉండేది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిల్లగా ఉన్నంతకాలం ముద్దులు, ఫోటోలు. పెరిగి సోఫా కొరికేసరికి బాల్కనీలో గొలుసు. ఆ బాల్కనీ పడమర ముఖం, శ్రావణీ. మధ్యాన్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండే. అక్కడ దాన్ని కట్టేసి ఆయన ఆఫీసుకి పోతాడు, ఏసీలోకి.

అరిచేది. అరవదా మరి? ఈ బిల్డింగులో అందరూ అరుపు గురించే మాట్లాడారు. "నిద్ర పట్టట్లేదు, పిల్లలకి పరీక్షలు" అని. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అదెందుకు అరుస్తందీ అని అడగలా.

ఒకరోజు పనిమనిషి తలుపు తీసినప్పుడు తప్పించుకుని మెట్లు దిగి మన దొడ్లోకొచ్చింది. నేను వచ్చి చూసేసరికి ఏముందీ, కాయలు కాస్తున్న సొరపాదు మొదలంటా తవ్వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంబుడు నీళ్ళు దాని మొహాన కొట్టా. అది పారిపోలేదు. ఇంకా పొయ్యమన్నట్టు మొహం ముందుకు పెట్టింది! నాకప్పుడు అర్థం కాలా. పైకెళ్ళి ప్రవీణ్‌ని అడిగా, "ఏం బాబూ, కుక్కని చూసుకోవక్కర్లా?" అని. ఏమన్నాడనుకున్నావ్?

"ఆంటీ, అది కుక్కండీ, దానికేం తెలుస్తుంది. అయినా సిటీలో ఎవరన్నా మట్టి ఉంచుకుంటారా? సిమెంట్ చేయించెయ్యండి, తవ్వే ప్రాబ్లమే ఉండదు."

చూశావా? కుక్క తెచ్చింది ఆయన, సిమెంటు నేను చేయించుకోవాలి!

రెండోసారి వచ్చినప్పుడు నేను కేకలెయ్యబొయ్యి ఆగా. ఏం చేస్తదో చూద్దామని ఆ గుమ్మంలోనే నిలబడ్డా. బీరపాదు పక్కన తడి మట్టి తవ్వింది, తవ్వి తవ్వి, ఆ గుంటలో పొట్ట ఆనించి కాళ్ళు చాపి పడుకుంది. నాలిక ఇంత పొడుగు బయటికేసి, కళ్ళు మూసుకుంది. అప్పుడు తెలిసింది నాకు. అది నా పాదు మీద పగతో తవ్వట్లేదు. చల్లదనం కోసం తవ్వుతంది. పాపం, దాని ఒంటి మీద అదేదో మంచు దేశంలో ఉండాల్సిన కంబళి. విప్పుకోలేదుగా!

నువ్వడిగింది ఇదేగా, తవ్వకుండా ఎట్లా అని. తవ్వకుండా చెయ్యలేవు తల్లీ. ఎక్కడ తవ్వాలో నేర్పగలవు. స్నానాల గది నీళ్ళు అరటి మొదట్లోకి పోతయ్యి మనకి, అక్కడెప్పుడూ నీడ, తడి. ఆ మూల ఇంత ఇసక పోయించా, ఓ గోనె సంచి తడిపి పరిచా. పాదుల చుట్టూ కొబ్బరి మట్టలు అడ్డం పెట్టా. అది పాదు వైపు వెళ్తే "వద్దు" అనేదాన్ని. ఒకటే మాట, అరవకుండా. రోజుకో మాట అంటే దానికి తెలీదు. అరటి కిందకి వెళ్తే ఉడికించిన గుమ్మడి ముక్కో, గుడ్డు ముక్కో, అప్పటికప్పుడే నోట్లో పెట్టేదాన్ని. కాసేపాగి పెడితే ఎందుకు పెట్టావో దానికి తెలీదు. తిట్టడమూ అంతే. ఎప్పుడో తవ్వినదానికి ఇప్పుడు కొడితే, నువ్వు పిచ్చిదానివి అనుకుంటదంతే.

ఇంకోటి, మర్చిపోతా. కుక్క తిరిగే దొడ్లో ఆముదప్పిండి ఎరువుగా వెయ్యమాక. వాసనకి తింటయ్యి, తింటే ప్రాణం మీదకొస్తది. వేపపిండి వేసుకో. ఉల్లిపాయ, ద్రాక్షపళ్ళు, చాక్లెట్లు పెట్టొద్దు. కోడి ఎముకలు ఉడికినవి అసలొద్దు, గుచ్చుకుంటయ్యి.

కొద్దిరోజులకే నేర్చుకుంది. తెలివైన జంతువే అది. స్వాతి మధ్యాన్నాలు తనే తీసుకొచ్చి వదిలేది, సాయంత్రం తీసుకెళ్ళేది. ఇద్దరం అరటి పక్కన కూర్చుని కూరలు తరుక్కునేవాళ్ళం. మీ తాతయ్య పేపరు చదువుతుంటే ఆయన పాదాల మీద తల పెట్టుకుని పడుకునేది. ఆయనకి సరిగ్గా వినపడదుగా, అది అరిచినా బాధ లేదు, ఇద్దరికీ కుదిరింది.

ప్రవీణ్ చూశాడు. తెల్ల బొచ్చుకి మట్టి! ఆయన కాస్ట్లీ కుక్క అరటి చెట్టు కింద, ఊరకుక్కలాగా! నామోషీ అయిపోయింది. కిందకి పంపొద్దన్నాడు. ట్రైనర్ని పెట్టాడు. వాడొచ్చాడు, నల్ల కళ్ళజోడు, చేతిలో బెత్తం, మెడకి బిగుసుకునే గొలుసు. సెల్లారులో "కమ్, కమ్" అంటాడు, అది ఆలస్యంగా వస్తే ఒక్కటేస్తాడు. నేను వెళ్ళి అడిగా, "ఏం నాయనా, పిలిచి కొడితే ఎవరన్నా వస్తారా? మీ ఆవిడ నిన్ను అన్నానికి పిలిచి కొడితే రేపు వెళ్తావా?" అని. "అమ్మా, ఇది ప్రొఫెషనల్ మెథడ్" అన్నాడు. వాడి మెథడు తగలెయ్య! పది మందిలో అన్నానని ప్రవీణ్‌కి ఇంకా కోపం. అది చాలదన్నట్టు ఎండాకాలం వస్తందని దానికి గుండు కొట్టించాడు. మొత్తం బొచ్చు తీయించేశాడు! తర్వాత కుక్కల డాక్టరుగారు చెప్పారు, ఆ బొచ్చే దానికి ఎండ తగలకుండా అడ్డం అంట, దువ్వాలేగాని తీయించకూడదంట. ఎవర్నన్నా అడిగితేగా ఈయన!

ఇంక వినవే అసలు సంగతి.

మే నెల. గుడివాడలో వాళ్ళ బంధువుల పెళ్ళి, పొద్దున్నే మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే స్వాతి కారెక్కుతా ఇటు చూసింది, ఏదో చెప్పబోయింది, ఆయన హారన్ కొట్టాడు. వెళ్ళిపోయారు. కుక్క బాల్కనీలో ఉందని నాకు తెలుసు, ఒకటి రెండుసార్లు అరిచింది కూడా. మధ్యాన్నం భోజనాలయ్యాక మూడో అంతస్తావిడ కరివేపాకు కోసం వచ్చి, "హమ్మయ్య పిన్నిగారూ, ఇవాళ బ్రూనో గొడవ లేదు, ప్రశాంతంగా ఉంది" అంది.

ప్రశాంతమేంటి? ఆ ఎండలో ప్రశాంతమేంటి?

దొడ్లోకి పరిగెత్తా. పైకి చూస్తే బాల్కనీ కమ్మీల్లోంచి ఒక కాలు బయటికి వేలాడుతుంది. "బూరీ" అన్నా. కదల్లా. మళ్ళీ గట్టిగా పిలిచా. చెవి కూడా కదపలా. నేను పిలిస్తే నిద్రలో కూడా తోక ఆడించే జీవం అది.

ప్రవీణ్‌కి ఫోన్ చేశా. వెనకాల బాజాలు. "ఆంటీ, సాయంత్రానికి వచ్చేస్తాం. కింద నుంచి పైపుతో కాస్త నీళ్ళు కొట్టండి, లేస్తది" అన్నాడు. "లేవట్లేదయ్యా, తాళం చెవి ఎవరి దగ్గరుంది?" అన్నా. "మా దగ్గరే ఉంది, మీరు ఊరికే టెన్షన్ పడకండి, భోజనాల దగ్గరున్నాం" అని పెట్టేశాడు. భోజనాల దగ్గరున్నాడంట! పైపు పట్టుకుని కొట్టా, నీళ్ళు దాని కాలికి తగిలినయ్యి, అంతే. అంతలో ఫోన్ మోగింది. స్వాతి. గొంతు తగ్గించి మాట్లాడుతంది, ఏ మూలకి వెళ్ళి చేసిందో.

"పిన్నిగారూ, తాళం పగలగొట్టించండి. నేను చెప్తున్నా. ఏమైనా నేను చూసుకుంటా. దాన్ని బతికించండి."

సందు చివర బాజీ వెల్డింగు షాపుంది, మన మెస్సులో తిన్నవాడే. వెళ్ళి చెప్తే చేస్తున్న పని వదిలేసి వచ్చాడు. గొళ్ళెం కోసేశాడు. లోపలికెళ్ళి బాల్కనీ తలుపు తీస్తే, అబ్బా, కొలిమి ముందు నిలబడ్డట్టు సెగ. ప్లాస్టిక్ గిన్నె బోర్లాపడి ఉంది. నీళ్ళు దొర్లిపోయి ఎప్పుడు ఆరిపోయినయ్యో. గచ్చు మీద పడుకుని ఉంది, కళ్ళు సగం తెరిచి, నోట్లోంచి జిగట. ఆ గొరిగిన ఒళ్ళు ఎర్రగా కందిపోయింది. బాజీ అన్నాడు, "పెద్దమ్మా, ఊపిరుంది, ఊపిరుంది" అని. ఆ మాట అంటా వాడూ ఏడుస్తున్నాడు.

మంచం మీద దుప్పటి తడిపి, అందులో దాన్ని వేసి ఇద్దరం మోశాం. కాదు, మీ తాతయ్య కూడా వచ్చాడు, ముగ్గురం. ఆయన మోకాళ్ళ నొప్పులు పట్టించుకోకుండా మెట్లెక్కాడు. అరటి కింద ఇసకలో పడుకోబెట్టాం. కుక్కల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "ఐసు పెట్టొద్దు, మామూలు చల్లనీళ్ళే, పొట్ట మీద, కాళ్ళ సందుల్లో, పాదాల కింద పొయ్యండి. ఫ్యాను పెట్టండి. స్పృహ వచ్చేదాకా నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. నేను వస్తున్నా" అన్నారు. ఇది బాగా గుర్తుపెట్టుకో శ్రావణీ, ఏ కుక్కకైనా ఇంతే. బాజీ వైరు లాగి టేబులు ఫ్యాను పెట్టాడు. నేను చెంబుతో పోస్తానే ఉన్నా, పోస్తానే ఉన్నా. పోస్తా తిడతానే ఉన్నా. ఎవర్ని తిట్టానో కూడా తెలీదు, పైనున్న అన్ని అంతస్తుల్నీ తిట్టినట్టున్నా. అందరూ బాల్కనీల్లోంచి చూస్తున్నారు. ఒక్కరు కిందకి దిగి రాలా! డాక్టరుగారు వచ్చి సెలైను పెట్టారు. పొద్దువాలేవేళకి కళ్ళు తిప్పింది. మీ తాతయ్య చెయ్యి నాకబోయింది, నాలిక అందలా.

అప్పుడొచ్చింది కారు. ప్రవీణ్ పట్టుపంచెతో దిగి, ముందు పైకెళ్ళాడు. కుక్క దగ్గరికి కాదు, తలుపు దగ్గరికి! కిందకొచ్చి నా మీద లేచాడు.

"ఏంటాంటీ ఇది? ఎవర్ని అడిగి మా తాళం పగలగొట్టించారు? ఇంట్లో వస్తువులు పోతే ఎవరిది బాధ్యత? పోలీస్ కంప్లైంట్ ఇస్తా."

"ఇవ్వు నాయనా, ఇవ్వు. నేనూ వస్తా స్టేషన్‌కి. కుక్కని కూడా తీసుకెళ్దాం, గుండుతో సహా. ఎవరు ఎవర్ని ఏం చేశారో వాళ్ళే చూస్తారు" అన్నా.

"నా కుక్క, నా ఇల్లు, మీకెందుకండీ?" అన్నాడు.

అప్పుడు స్వాతి, ఆ పట్టుచీరతోనే ఇసకలో కూలబడి దాని తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. తలెత్తింది. "నేనే పగలగొట్టమన్నా" అంది.

"నువ్వా?"

"నేనే. లోపల ఉంచుదామని పొద్దున ఎన్నిసార్లు చెప్పా? సోఫా పాడవుద్దన్నారు. ఇప్పుడు మీ సోఫా బాగుంది. వెళ్ళి కూర్చోండి."

అంతే అంది. గట్టిగా కూడా అనలా. ఆ మనిషి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అయిపోయిందనుకున్నావా? కొద్దిరోజులకి దాని ఫోటో, బొచ్చున్నప్పటిది, ఫోన్ గ్రూపుల్లో పెట్టాడు, కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి అని. గన్నవరం నుంచి ఎవడో వచ్చాడు కూడా, పిల్లలు పెట్టించుకోడానికంట. ఆడకుక్క అని చెప్పలా నీకు? బ్రూనో అని మగ పేరు పెట్టింది కూడా ఆయనేలే. స్వాతి గుమ్మానికి అడ్డం నిలబడి, "ఇది ఎక్కడికీ రాదండీ" అని వాణ్ణి పంపించేసింది. ఆ మధ్యాన్నమే గిన్నె, దువ్వెన, గొలుసు తీసుకుని ఇక్కడికొచ్చింది. "పిన్నిగారూ, ఇది ఇంక ఇక్కడే ఉంటది. తిండీ, డాక్టరూ నేను చూసుకుంటా. మీకు ఇబ్బందా?" అంది. నాకు ఇబ్బందేంటే! రోజూ పొద్దున్నే, నేల వేడెక్కకముందే నడిపించుకొస్తది ఆ పిల్ల. ప్రవీణ్ నాతో మాట్లాడడు. లిఫ్టులో కనపడితే ఫోను చూసుకుంటాడు. ఈ మధ్య చేపలు తెచ్చాడంట, పెద్ద గాజుతొట్టి. ఆ చేపలకి ఏం రాసిపెట్టుందో!

మూడో అంతస్తావిడ మాత్రం, "ఎంత మంచిపని చేశారు పిన్నిగారూ" అంటది ఇప్పుడు. అని కరివేపాకు కోసుకుంటది.

బొచ్చు వచ్చింది మళ్ళీ, మునుపటంత కాదు. వెనక కాళ్ళు కాస్త తడబడతయ్యి. అందరూ ఏమంటారంటే, "మీ దొడ్లో దానికి స్వర్గం" అని. నాకా మాట వింటే ఒళ్ళు మండుద్ది. స్వర్గమేంటి? చూడు, పొద్దుట్నుంచి గోనె సంచి తడుపుతానే ఉన్నా, తడిపినంతసేపు పట్టదు ఆరిపోవడానికి. ఫ్యాను పెట్టా. ఇసక మార్చా. ఎంత చేసినా నేను మంచు కురిపించలేనుగా! ఏప్రిలొస్తే చాలు, మధ్యాన్నమంతా రొప్పుతానే ఉంటది. నా వైపు చూస్తది. ఏం చెప్పను దానికి? ఎవడో సరదాపడ్డాడు, నువ్వు అనుభవిస్తున్నావు అని చెప్పనా?

అందుకని చెప్తున్నా. మీ ఆయనకి ఇది మొత్తం వినిపించు. కుక్కని పెంచుకోండి, ఎవరొద్దన్నారు? మీ వీధిలోనే ఏదో తల్లి పెట్టిన పిల్లలుంటయ్యి, ఈ ఎండలో పుట్టి ఈ ఎండని ఎరిగినయ్యి. పాలు మాన్పించేదాకా ఆగి తెచ్చుకోండి, టీకాలేయించండి. లోపలికి రానిస్తేనే తెచ్చుకోండి, లేకపోతే వద్దు. అరటి పిలక ఇస్తా పట్టుకెళ్ళు, నీళ్ళు పొయ్యే చోట పెట్టు. చిక్కుడు విత్తనాలు కాగితంలో కట్టా, గుంటకి రెండేసి వెయ్యి. నువ్వు మంచిదానివే. అడిగావు, అదే చాలు, అడగనివాళ్ళతోనే వచ్చింది ఇదంతా...

ఇంక ఆపు ఆ ఫోను, చిక్కుళ్ళయిపోయినయ్యి. మీ ఇల్లు, మీ దొడ్డి, మీతో ఉండే ప్రతి జీవీ... చల్లగా ఉండండి తల్లీ. చల్లగా ఉండండి.